నలభై డిగ్రీల గదికి ఏ గ్రాఫిక్స్ కార్డు?

గ్రాఫిక్స్ కార్డుల సమీక్షల్లో చాలామంది చదవకుండా దాటేసే సమాచారం ఒకటుంది. పరీక్ష జరిగిన గది ఎంత వేడిగా ఉందన్నది అది. అమెరికాలోనో జర్మనీలోనో కార్డుల్ని కొలిచేవాళ్లు గదిని సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచుకుంటారు. పల్నాడులో అంత చల్లదనం సంక్రాంతి రోజుల్లో, అదీ రాత్రిపూట దొరుకుతుంది. ఎండాకాలం వచ్చిందంటే రెంటచింతల పేరు వార్తల్లోకి ఎక్కుతుంది. శావల్యాపురంలో మే నెల మధ్యాహ్నం స్లాబు కింది గది 40 డిగ్రీలు ఉంటే ఎవరూ వింతగా చెప్పుకోరు. పిల్లలు ఎక్కువగా గేములాడేది ఆ గదిలోనే, ఆ సెలవుల్లోనే.

గుంటూరు–గుంతకల్లు రైలుమార్గం మీద నరసరావుపేటకూ వినుకొండకూ మధ్య ఉన్న మండల కేంద్రం శావల్యాపురం. పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చే కొత్త లైను కూడా ఇక్కడే కలుస్తుంది. రైళ్లకు కొదవ లేదు గానీ నాలుగు రకాల కార్డులు చూసి కొనాలంటే గుంటూరో విజయవాడో పోవాలి. ఇంకా కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అదీ కుదరకపోతే ఆన్‌లైన్. కొన్నాక తేడా వస్తే వెనక్కి పంపడం, సర్వీస్ సెంటరుకు చేర్చడం అంతా పార్సిల్ వ్యవహారమే. కాబట్టి ఇక్కడ కొనేవాళ్లు నగరంలో కొనేవాళ్ల కన్నా ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకోవాలి. అలా చూసుకుంటే, సమీక్షల పట్టికలో అందరికన్నా పైన నిలిచిన కార్డు చాలాసార్లు మనకు పనికిరానిదిగా తేలుతుంది. ఇంట్లో ఉన్న మానిటరుకీ, మదర్‌బోర్డుకీ, కరెంటుకీ, గది వేడికీ సరిపడేదే మంచి కార్డు అని నా నమ్మకం. ఈ వ్యాసమంతా దాని వివరణే.

మానిటరుతో మొదలుపెడదాం. తెర మీద కనిపించేదంతా చుక్కల పేర్పు. పాత 1366×768 మానిటర్లో దాదాపు పదిన్నర లక్షల చుక్కలుంటాయి. ఫుల్ హెచ్‌డీలో, అంటే 1920×1080 తెరలో, 20,73,600 ఉంటాయి. 2560×1440లో 36,86,400, 4కే తెరలో 82,94,400. ఆట నున్నగా సాగాలంటే సెకనుకు 60 బొమ్మలు మారాలి. వీటినే ఫ్రేములంటాం. ఫుల్ హెచ్‌డీలో 60 ఫ్రేములంటే సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు తేల్చాలన్నమాట. ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. గోడ ఎక్కడుంది, ఎండ ఎటునుంచి పడుతోంది, నీడ ఎంత పొడవు, కారు అద్దంలో ఏం కనపడాలి అన్నవన్నీ ఆ లోపే తేలాలి. ఒకే ఫ్రేములో ఒకే చుక్కను పలుమార్లు లెక్కగట్టాల్సి రావడం కూడా మామూలే.

ఈ పని ప్రాసెసర్ చేయలేదా అంటే, చేయగలదు గానీ సమయానికి చేయలేదు. బడ్జెట్ ప్రాసెసర్‌లో నాలుగో ఆరో కోర్లుంటాయి. ఒక్కొక్కటీ చాలా తెలివైనది. ఒక పని ఫలితాన్ని బట్టి తర్వాతి పని ఎంచుకోవడంలో దానికి సాటి లేదు. చుక్కల లెక్కకు ఆ తెలివి అక్కర్లేదు. పక్కపక్క చుక్కలన్నిటికీ చేసే లెక్క ఒకటే, అందులో పడే అంకెలు మాత్రం వేరు. ఒక చుక్క జవాబు కోసం ఇంకో చుక్క ఆగనక్కర్లేదు. అందుకే గ్రాఫిక్స్ చిప్పులో చిన్న చిన్న కోర్లను వందల్లో, వేలల్లో పేర్చి, లెక్కల్ని గుంపులుగా నడిపిస్తారు. ఎన్‌విడియా చిప్పుల్లో ఒక్కో గుంపులో 32 లెక్కలుంటాయి. ఒకే ఆజ్ఞ 32 చోట్ల ఒకేసారి అమలవుతుంది. 1999లో వచ్చిన జీఫోర్స్ 256ను ఆ కంపెనీ ప్రపంచంలోనే తొలి జీపీయూగా, అంటే గ్రాఫిక్స్ ప్రాసెసర్‌గా, ప్రకటించుకుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు బడ్జెట్ కార్డుగా వచ్చిన జీటీఎక్స్ 1650లో 896 కోర్లున్నాయి. 2024 నాటి ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ కార్డులో 2,304. ఈ సంఖ్యల్ని ఒకే కంపెనీ, ఒకే తరం కార్డుల మధ్యనే పోల్చుకోవాలి. ఏఎండీ కోర్లనూ ఎన్‌విడియా కోర్లనూ పక్కపక్కన పెట్టి ఇటు ఎక్కువ, అటు తక్కువ అనుకుంటే తప్పుడు జవాబే వస్తుంది.

ఇంట్లో ఉన్నది పాత 768 తెర అయితే కార్డు మీద పడేది ఫుల్ హెచ్‌డీలో సగం పని. వాలరెంట్, కౌంటర్‌స్ట్రైక్ లాంటి ఆటలు తేలికైనవి. జీటీఏ 5 కంప్యూటర్ మీదికి వచ్చింది 2015లో, కాబట్టి ఈనాటి చిన్న కార్డుకు అదీ పెద్ద బరువు కాదు. నెట్ సెంటర్లో వైస్ సిటీ ఆడి పెరిగినవాళ్లకు ఈ మాత్రం చాలా ఎక్కువ. ఏ ఆట ఆడతారో, ఏ తెర మీద ఆడతారో ముందు తేల్చుకుంటే కొనాల్సిన కార్డు ఒక మెట్టు కిందికి దిగుతుంది. అలా మిగిలిన డబ్బుకు పని ముందుంది.

కోర్లు ఎన్నున్నా వాటికి సరుకు అందాలి. ఇటుక గోడ బొమ్మ, గడ్డి, మనుషుల మొహాల చర్మం లాంటివన్నీ టెక్స్చర్ల రూపంలో కార్డు సొంత మెమొరీలో ఉంటాయి. సాగర్ కుడికాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఈ లెక్క తెలిసిందే. పొలానికి అందే నీరు కాలువ వెడల్పునూ నీటి వేగాన్నీ బట్టి ఉంటుంది, జలాశయం ఎంత నిండిందన్నది వేరే సంగతి. కార్డు మెమొరీలో వెడల్పును బిట్లలో చెబుతారు. బడ్జెట్ కార్డుల్లో అది 64, 96, 128, 192 బిట్లుగా ఉంటుంది. వేగాన్ని గిగాబిట్లలో చెబుతారు. రెంటినీ గుణించి ఎనిమిదితో భాగిస్తే సెకనుకు ఎన్ని గిగాబైట్లు పారతాయో వస్తుంది. మొదట వచ్చిన జీటీఎక్స్ 1650లో 128 బిట్ల దారి, 8 గిగాబిట్ల వేగం. అంటే సెకనుకు 128 గిగాబైట్లు. తర్వాత అదే పేరుతో జీడీడీఆర్6 మెమొరీ పెట్టిన కార్డు వచ్చింది. వేగం 12కు పెరిగి 192 గిగాబైట్లయింది. పేరు మారలేదు, ప్రవాహం ఒకటిన్నర రెట్లయింది.

ఈ ప్రవాహం విలువ తెలియాలంటే 2019లో వచ్చిన రెండు కార్డులు చూడాలి. జీటీఎక్స్ 1660, జీటీఎక్స్ 1660 సూపర్. రెంటిలోనూ అవే 1,408 కోర్లు, అదే 192 బిట్ల దారి. మొదటిదానికి పాత జీడీడీఆర్5, రెండోదానికి జీడీడీఆర్6. సెకనుకు 192 గిగాబైట్లు కాస్తా 336 అయ్యాయి. ఆ ఒక్క మార్పుతోనే ఆటల్లో సూపర్ స్పష్టంగా ముందుకు పోయింది. సెకండ్ హ్యాండ్ బజారులో ఈ రెండూ దగ్గర దగ్గర ధరలకే కనపడుతుంటాయి. ‘సూపర్’ అన్న ఆ ఒక్క మాట ఉందో లేదో చూసుకోవాలి.

పేర్ల విషయంలో కంపెనీలు కొనుగోలుదారుడికి చేసిన అన్యాయం చిన్నది కాదు. జీటీ 1030 పేరుతో 2017లో వచ్చిన కార్డులో మెమొరీ సెకనుకు 48 గిగాబైట్లు అందించేది. మరుసటి ఏడాది అదే పేరుతో డీడీఆర్4 మెమొరీ పెట్టి ఇంకొకటి వదిలారు. దాంట్లో 16.8 గిగాబైట్లే. మూడో వంతుకు పడిపోయినా అట్ట మీద పెద్దక్షరాల్లో ఉన్నది జీటీ 1030 అనే. ఆర్‌టీఎక్స్ 3050 అని రెండు కార్డులున్నాయి. 2022 నాటి 8 జీబీ కార్డులో 2,560 కోర్లు, 128 బిట్ల దారి. 2024 నాటి 6 జీబీ కార్డులో 2,304 కోర్లు, 96 బిట్ల దారి. చూసేవాళ్లకు తేడా 2 జీబీ మాత్రమే అనిపిస్తుంది, అసలైతే అది ఒక మెట్టు కింది చిప్పు. అలాగే ఆర్‌ఎక్స్ 580 పేరు పక్కన 2048 ఎస్‌పీ అని ఉంటే దాన్లో ఉన్నవి ఆర్‌ఎక్స్ 570 పాటి కోర్లే. అసలు 580లో 2,304 ఉండాలి. చైనా మార్కెట్ కోసం చేసిన ఈ రకం మన ఆన్‌లైన్ దుకాణాల్లో చవగ్గా విరివిగా దొరుకుతుంది. తెలిసి కొంటే తప్పు లేదు. 580 అనుకుని, 580 ధర పెట్టి కొంటేనే నష్టం.

మెమొరీ ఎన్ని జీబీలన్నది ఎప్పుడు ముఖ్యమవుతుంది? ఆటకు కావాల్సిన సరుకు అందులో పట్టనప్పుడు. పట్టనిది కంప్యూటర్ ర్యామ్‌లో కూర్చుని, మదర్‌బోర్డు స్లాటు గుండా కార్డుకు రావాలి. ఆ దారి చాలా ఇరుకు. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కథ ఇక్కడ చెప్పుకోవాలి. దాని మెమొరీ 4 జీబీ, స్లాటుతో దానికున్న లంకె నాలుగు లేన్లు. కొత్త పీసీఐఈ 4.0 బోర్డు మీద ఆ నాలుగు లేన్లు సెకనుకు దాదాపు 8 గిగాబైట్లు మోస్తాయి. పాత 3.0 బోర్డు మీద అందులో సగం, 4 గిగాబైట్లే. కార్డు లోపల 144 గిగాబైట్లు పారుతున్నా, బయటి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు 4 గిగాబైట్ల దారి దగ్గర నిలబడి ఎదురుచూడాలి. చవక కార్డు కొనేవాళ్ల దగ్గర ఉండేవే పాత బోర్డులు. వాళ్ల కోసం చేసిన కార్డు వాళ్ల బోర్డు మీదే ఎక్కువ తడబడింది. ఆర్‌ఎక్స్ 6600 అలా కాదు. ఎనిమిది లేన్లు, 8 జీబీ మెమొరీ కాబట్టి పాత బోర్డు మీద కూడా పెద్దగా నష్టపోదు.

ఇలాంటి తడబాటును సగటు ఎఫ్‌పీఎస్ అంకె (సెకనుకు సగటున ఎన్ని ఫ్రేములన్నది) దాచేస్తుంది. ఒక సెకనులో 59 ఫ్రేములు 15 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, ఒక్క ఫ్రేము 115 మిల్లీసెకన్లు తీసుకుందనుకుందాం. మొత్తం 1,000 మిల్లీసెకన్లు, 60 ఫ్రేములు. సగటు 60 అని సమీక్ష రాస్తుంది. ఆడేవాడికి మాత్రం ఎదుటివాడి మీద గురిపెట్టిన క్షణంలో తెర ఆగిపోయింది. అందుకే సమీక్షల్లో ‘1 శాతం లో’ అనే అంకె చూడాలి. ఫ్రేముల్లో అన్నిటికన్నా నెమ్మదైన నూటికి ఒక వంతు ఎలా ఉన్నాయో అది చెబుతుంది. సగటు 70, లో 30 ఉన్న కార్డు కన్నా సగటు 60, లో 48 ఉన్న కార్డు నయం.

ఇక కరెంటు. ఈ సంగతి చెప్పడానికి బడ్జెట్ కార్డుల చరిత్రలో ఒక తెలుగువాడి దగ్గరికి వెళ్లాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివిన రాజా కోడూరి 2001లో గ్రాఫిక్స్ చిప్పులు చేసే ఏటీఐలో చేరారు. 2006లో ఆ కంపెనీని ఏఎండీ కొనేసింది. 2009లో ఆయన యాపిల్‌కు వెళ్లి, 2013లో తిరిగి ఏఎండీకి వచ్చి, 2015 నుంచి ఆ కంపెనీ గ్రాఫిక్స్ విభాగం మొత్తానికి అధిపతి అయ్యారు. ఆయన హయాంలో 2016 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎక్స్ 480 ప్రారంభ ధర 199 డాలర్లు. అప్పటిదాకా ఖరీదైన కార్డులకే సాధ్యమైన వేగాన్ని రెండొందల డాలర్లకు దింపాలన్నది ఏఎండీ పట్టిన పంతం. ఎక్కువ ధర పెట్టలేని ప్రపంచాన్ని దృష్టిలో పెట్టుకుని చిప్పు గీయడం చిన్న విషయం కాదు. ఆ కార్డుకూ దాని తమ్ముడు 580కీ ఇన్నేళ్ల తర్వాత కూడా గిరాకీ ఉందంటే ఆ పంతం నెగ్గినట్టే. 2017 చివర్లో ఆయన ఇంటెల్‌కు వెళ్లి, ఆ కంపెనీ ఆర్క్ కార్డుల పనిని నడిపించారు. మొదటి ఆర్క్ కార్డులు 2022లో వచ్చాయి. 2023లో ఆయన ఇంటెల్‌ను వదిలారు. 2024 డిసెంబరులో 249 డాలర్లకు వచ్చిన ఆర్క్ బీ580 ఆ వరసలో తర్వాతిది. ఎన్‌విడియాకూ ఏఎండీకీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి కాబట్టి మన కుర్రాళ్ల చెయ్యి పడని కార్డు లేదన్నా అతిశయోక్తి కాదేమో.

ఆర్‌ఎక్స్ 480 వచ్చిన వెంటనే ఒక లోపం బయటపడింది. మదర్‌బోర్డు స్లాటు ఒక కార్డుకు 75 వాట్లు ఇవ్వాలన్నది నియమం. ఆరు పిన్నుల కేబులు ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150. ఆర్‌ఎక్స్ 480 స్లాటుతో ఆరు పిన్నుల కేబులును కలిపి 150 వాట్లు తీసుకునేలా తయారైంది. తీరా కొలిచి చూస్తే స్లాటు నుంచి 75 దాటి లాగుతోంది. జూలైలో ఏఎండీ కొత్త డ్రైవర్ ఇచ్చి దాన్ని సరిదిద్దింది. ఖరీదైన బోర్డు ఆ కాస్త అదనపు భారాన్ని తట్టుకుంటుంది, పాత చవక బోర్డు పరిస్థితే ప్రశ్న. 75, 150, 225 అన్న ఈ మెట్లు గుర్తుంటే ఏ కార్డుకు ఎలాంటి ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) కావాలో ఎవర్నీ అడగనక్కర్లేదు.

క్యాబినెట్‌తో పాటు వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉంటుంది. నమ్మాల్సింది ఆ అంకెను కాదు. పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల వరస దగ్గర ఎన్ని ఆంపియర్లో చూడండి. అక్కడ 18 అని ఉంటే 12తో గుణించండి, 216 వాట్లు. కార్డూ ప్రాసెసరూ తాగేది ఈ 12 వోల్టుల కరెంటే. 65 వాట్ల ప్రాసెసర్, 130 వాట్ల కార్డు, ఫ్యాన్లు, డిస్కులు కలిస్తే ఆ 216 దాటిపోతుంది. దానికి తోడు గ్రాఫిక్స్ చిప్పు వాడకం ఒక్కో క్షణం ఉన్నట్టుండి పైకి లేస్తుంది. ఆట మధ్యలో కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలైతే తప్పు కార్డుదని చాలామంది అనుకుంటారు. మానిటరు దగ్గర మిగిలిన డబ్బు ఇక్కడ పెట్టాలి. 80 ప్లస్ గుర్తున్న, పేరున్న కంపెనీ ఎస్ఎంపీఎస్ ఒకటి కొంటే అది రెండు మూడు కార్డుల కాలం ఉంటుంది. ఊళ్లో మోటార్లు తిరిగే వేళ వోల్టేజీ పడిపోతే, 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా చేసిన ఎస్ఎంపీఎస్ నిలబడుతుంది. వెనకాల 110–220 అని ఎర్ర స్విచ్చు ఉన్న పాత రకం నిలబడదు. యూపీఎస్ విషయమూ ఇంతే. 600 వీఏ అని అమ్మేది చాలాసార్లు 360 వాట్లే ఇస్తుంది. కరెంటు పోయినప్పుడు ఆట ఆపి కంప్యూటర్ కట్టేసుకోవడానికి మాత్రమే అది.

పల్లెల్లో చాలా ఇళ్లకు వచ్చేవి కంపెనీ ఆఫీసులు వాడి వదిలేసిన కంప్యూటర్లు. ఐ5 ప్రాసెసర్ ఉంటుంది, తక్కువ ధరకు దొరుకుతాయి, చదువుకు బాగా పనికొస్తాయి. వాటి ఎస్ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత ఆకారంలో, మూడొందల వాట్ల లోపు ఉంటుంది. కార్డుకు విడిగా కేబులు ఉండదు. వీటికి స్లాటు మీదే బతికే కార్డే గతి. అంటే 75 వాట్ల జీటీఎక్స్ 1650, లేదా 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ. 1650లో కూడా కొన్ని మోడళ్లకు అదనపు కేబులు కావాలి, ఫోటోలో పైఅంచు చూస్తే తెలిసిపోతుంది. క్యాబినెట్ సన్నగా ఉంటే సగం ఎత్తు కార్డులు విడిగా దొరుకుతాయి. పాత డిస్కు వైరుకు అడాప్టర్ తగిలించి పెద్ద కార్డు నడిపించే ఉపాయం కొందరు చెబుతారు. ఆ సన్నని వైరు వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది, దయచేసి ఆ పని చేయకండి.

కరెంటు బిల్లులో ఈ తేడా పెద్దగా తెలియదు. 70 వాట్ల కార్డుకూ 130 వాట్ల కార్డుకూ మధ్య 60 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు ఏడు యూనిట్లు. తేడా తెలిసేది గదిలో. కంప్యూటర్ తీసుకున్న కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే బయటికొస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి వెలువడే వేడి దాదాపు 100 వాట్లు. 250 వాట్లు లాగే గేమింగ్ కంప్యూటర్ నడుస్తోందంటే మూసిన గదిలో అదనంగా ఇద్దరు ముగ్గురు కూర్చున్న లెక్క.

గది వేడి కార్డు మీద ఎలా పడుతుందో చూద్దాం. కార్డు వాడే వాట్లూ, ఫ్యాను వేగమూ మారనంతవరకు గది ఉష్ణోగ్రత కన్నా చిప్పు ఎన్ని డిగ్రీలు పైన ఉంటుందన్నది దాదాపుగా మారదు. సమీక్షలో 23 డిగ్రీల గదిలో చిప్పు 70 దగ్గర నిలిచిందంటే పెరుగుదల 47. దాన్ని మన 40 డిగ్రీల గదికి కలపండి, 87. చాలా కార్డులు 83కూ 90కీ మధ్య ఎక్కడో తమ వేగాన్ని తామే తగ్గించుకోవడం మొదలుపెడతాయి. అంతకు ముందే ఫ్యాన్లు పూర్తి వేగం అందుకుని హోరెత్తిస్తాయి. పట్టికలో పది శాతం వెనకబడ్డ చల్లటి కార్డు మే నెలలో దాన్ని దాటిపోవచ్చు. అందుకే సమీక్ష చదివేటప్పుడు ఎఫ్‌పీఎస్ తర్వాత చూడాల్సింది ఉష్ణోగ్రతల పట్టిక. ఒకే చిప్పు మీద ఒక్క ఫ్యాను, రెండు ఫ్యాన్ల మోడళ్లుంటే, 100 వాట్లు దాటిన కార్డులో రెండు ఫ్యాన్లదే తీసుకోవాలి. ఆ కొద్ది తేడా మన ప్రాంతంలో దండగ ఖర్చు కాదు.

ఖర్చు లేని మందు కూడా ఉంది. చిప్పు వాడే కరెంటు దాని వేగాన్ని బట్టీ, దానికిచ్చే వోల్టేజీ వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. వోల్టేజీని 1.05 నుంచి 0.95కు దించితే, వేగం తగ్గించకుండానే ఆ మేరకు వాడకం దాదాపు 18 శాతం తగ్గుతుంది. కంపెనీలు బలహీనమైన చిప్పు కూడా నిలబడాలని అన్నిటికీ కాస్త ఎక్కువ వోల్టేజీయే పెట్టి పంపుతాయి. మన చేతికొచ్చిన చిప్పు చాలాసార్లు అంతకన్నా తక్కువతోనే పనిచేస్తుంది. ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఉచిత ప్రోగ్రాములో ఈ మార్పు చేయొచ్చు. భయమనిపిస్తే పవర్ లిమిట్‌ను 80 శాతానికి జరిపినా చాలు, వేగంలో నష్టం సాధారణంగా చాలా కొద్ది. ఇంకా సులువైనది ఫ్రేములకు హద్దు పెట్టడం. మానిటరు సెకనుకు 60 బొమ్మలే చూపగలిగినప్పుడు కార్డు 140 గీయడం వేడి పుట్టించడానికే. ఫుల్ హెచ్‌డీ తెర మీద ఎఫ్‌ఎస్‌ఆర్, డీఎల్ఎస్ఎస్ లాంటి అప్‌స్కేలింగ్‌ను క్వాలిటీలో పెడితే లోపల గీసేది 1280×720 బొమ్మ, అంటే అసలు చుక్కల్లో 44 శాతం. మిగతాది లెక్కతో పూరిస్తుంది. ఎఫ్‌ఎస్‌ఆర్ తొలి రూపాలు పాత కార్డుల మీద, ఏ కంపెనీ కార్డు మీదైనా నడుస్తాయి.

ధూళి గురించి ఒక మాట. పత్తి నూగు, మిరపకాయల ధూళి, వంటింటి జిడ్డు కలిసి కార్డు రెక్కల మధ్య పొరలా పడితే పైన వేసిన 47 డిగ్రీల లెక్క 55కో 60కో పోతుంది. ఎండాకాలం మొదట్లో ఒకసారి బ్లోయరుతో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, వదిలేస్తే విపరీతంగా తిరిగి బేరింగు పాడవుతుంది. నీళ్ల కూలరు గదిలో పెట్టుకోవడం మంచిదే గానీ దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టకూడదు. తేమా ధూళీ కలిస్తే బోర్డు మీద బురదే.

సెకండ్ హ్యాండ్ కార్డుల వైపు మనసు లాగడం సహజం. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో నాణెం మైనింగ్ పద్ధతిని వదిలేసింది. అంతదాకా దానికోసం రాత్రింబవళ్లు నడిచిన కార్డులు లక్షల్లో బజారున పడ్డాయి. మైనింగ్‌లో నడిచినంత మాత్రాన చిప్పు చెడిపోదు. అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేది చిప్పు మీది థర్మల్ పేస్టు. ఈ రెండూ మార్చుకోవచ్చు. అసలు ప్రమాదం దొంగ కార్డులతో. ఎప్పటిదో పాత చిప్పుకు తప్పుడు బయోస్ ఎక్కించి జీటీఎక్స్ 1050 టీఐ అని అమ్మడం ఏళ్లుగా నడుస్తోంది. విండోస్ కూడా ఆ అబద్ధాన్నే చూపిస్తుంది. జీపీయూ–జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము చాలావరకు దాన్ని పట్టేస్తుంది. కొనే ముందు అమ్మేవాడి ఎదురుగానే అది నడిపించి కోర్ల సంఖ్య, మెమొరీ రకం, బిట్లు చూడండి.

పాత కార్డుకు ఇంకో గడువుంది. ఎన్‌విడియా 900, 1000 వరసల కార్డులకు ఆటల కోసం ఇచ్చే కొత్త డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగాయి. భద్రతాపరమైన మార్పులు మాత్రం 2028 అక్టోబరు వరకు వస్తాయి. ఏఎండీ 2023లోనే 400, 500 వరసల డ్రైవర్లను ప్రధాన డ్రైవర్ నుంచి వేరుచేసి పక్కకు జరిపింది. 1650 ఇంకా ఆ గీత దాటలేదు. అయితే రే ట్రేసింగ్ (కాంతి దారిని లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ లేనిదే మొదలవనంటున్న ఆటలు వచ్చేశాయి. 2024 డిసెంబరు నాటి ఇండియానా జోన్స్, 2025 నాటి డూమ్ ద డార్క్ ఏజెస్ అలాంటివి. 1650, 1660, 580ల మీద అవి ఆడలేం. పాత ఆటలకు పాత కార్డు, కొత్త ఆటల మీద ఆశ ఉంటే 3050, 6600 నుంచి పైకి.

చేతిలో పది పన్నెండు వేలే ఉంటే కార్డు కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కొత్తగా కంప్యూటర్ కడుతున్నవాళ్లయితే లోపలే గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5600జీ లాంటి ప్రాసెసర్‌తో సరిపెట్టుకోవచ్చు. దానికి సొంత మెమొరీ ఉండదు, కంప్యూటర్ ర్యామ్‌నే వాడుకుంటుంది. కాబట్టి 16 జీబీ ఒక్క కర్రగా కాకుండా రెండు 8 జీబీలుగా పెట్టాలి. 3200 వేగం డీడీఆర్4 ఒక్కటే ఉంటే సెకనుకు 25.6 గిగాబైట్లు, జంటగా ఉంటే 51.2. గ్రాఫిక్స్‌కు ఆ రెట్టింపు బాగా కలిసొస్తుంది. వాలరెంట్, జీటీఏ 5 లాంటివి దాని మీద హాయిగా ఆడుకోవచ్చు. డబ్బు కూడాక కార్డు కలుపుకోవచ్చు.

ఇరవై వేలకు అటూఇటూ పెట్టగలిగి, మంచి ఎస్ఎంపీఎస్ ఉంటే ఆర్‌ఎక్స్ 6600 వైపే నేను మొగ్గుతాను. 132 వాట్లు, ఒక్క ఎనిమిది పిన్నుల కేబులు, ఫుల్ హెచ్‌డీకి నిండుగా సరిపోయే శక్తి. ఆఫీసు కంప్యూటర్ ఉన్నవాళ్లకు 3050 ఆరు జీబీ. వేగం తక్కువే, వేడీ తక్కువే. 12 జీబీ మెమొరీ ఉన్న ఆర్క్ బీ580 ఇంకా మంచి బేరంలా కనపడుతుంది గానీ దానికి రీసైజబుల్ బార్ అనే సౌకర్యమున్న బోర్డు తప్పనిసరి. ఇంటెల్ పదో తరం, రైజెన్ 3000కు ముందున్న కంప్యూటర్లకు అది పెట్టకూడదు. ప్రాసెసర్ బలహీనమైతే బీ580 మిగతావాటికన్నా ఎక్కువ నష్టపోతుందని కూడా పరీక్షల్లో తేలింది. డాలరు ధరను రూపాయల్లోకి మార్చి ఇక్కడి ధర చూసి కోపం తెచ్చుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అమెరికాలో ప్రకటించే ధరలో పన్ను ఉండదు, మన బిల్లులో 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది.

పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయండి. అట్టపెట్టె మీది సీరియల్ నంబరు, కార్డు వెనక స్టిక్కరు మీది నంబరు, బిల్లులోది ఒకటేనేమో చూడండి. వారంటీ వచ్చేది ఆ నంబరు మీదే. కార్డు బిగించిన రోజే ఒక బరువైన ఆటను అరగంట ఆపకుండా ఆడించి, జీపీయూ–జెడ్‌లో చిప్పు ఉష్ణోగ్రత, హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికన్నా వేడెక్కే చోటు), మెమొరీ వాడకం చూడండి. హాట్‌స్పాట్ మిగతా చిప్పు కన్నా పాతిక డిగ్రీలకు మించి పైన ఉంటే హీట్‌సింకు సరిగా కూర్చోలేదని అనుమానించాలి. దాన్ని మనమే విప్పి సరిచేద్దామనుకోవద్దు. వెనక్కి తీసుకునే గడువు దుకాణాన్ని బట్టి వారం పది రోజులే కాబట్టి ఆ గడువు లోపలే పంపించేసి, ఇంకొకటి తెప్పించుకోవాలి.